తాడు ముట్టినవాళ్ళ వాటా

ముళ్ళకంచె సముద్రంలోకి దిగడం మీలో ఎవరైనా చూశారా? నేను చూశాను. కొబ్బరితోట అంచున మొదలుపెట్టి, ఇసుక మీదుగా, అలలు దాటించి, నడుములోతు నీళ్ళ దాకా గుంజలు పాతారు. పాతినవాళ్ళు పరాయివాళ్ళు కారు. పక్క లోయలో అరటితోట మూతపడి కూలి పోగొట్టుకున్న మనవాళ్ళే. ఒక్కో గుంజ దిగుతుంటే మా లాంబీ ఊరంతా ఒడ్డున నిలబడి చేతులు కట్టుకుని చూసింది. 

నన్ను మీలో చాలామంది ఎరుగుదురు. క్లోతిల్డ్‌ని, రేవు మెట్ల దగ్గర చేపలమ్మేదాన్ని. ఇక్కడ కూర్చున్న రేవు కూలీలు నా నోటికి జడుస్తారు. ఈ కాలేజీ పిల్లల అమ్మలు నాతో బేరమాడి ఓడిపోతుంటారు. ఈమధ్య నా తట్ట ఖాళీగా ఎందుకుందో చెప్పమని యూనియన్ వాళ్ళు నన్ను ఈ బల్ల ఎక్కించారు. చెబుతాను, వినండి.

మా తీరం కొడవలిలా వంగి ఉంటుంది. అలివి వల లాగాలంటే ఆ కొడవలికి రెండు కొసలూ కావాలి. పడవ వలను చేపల చుట్టూ తిప్పుకొస్తుంది. ఒక తాడు తూర్పు కొసన ఉన్నవాళ్ళు పడతారు, ఇంకొకటి పడమటి కొసన. రెండూ కలిపి లాగితేనే వల మూసుకుంటుంది. ఒక్క తాడే లాగితే చేపలు రెండో వైపు నుంచి దర్జాగా వెళ్ళిపోతాయి. కంచె సరిగ్గా నడిమధ్యన పడింది. పడమర సగం ఇక హోటలు కంపెనీదట.

మాకొక ధర్మం ఉంది. తాడు ముట్టినవాళ్ళకి వాటా. ఊరివాడా, దారిన పోయేవాడా అని అడగం. కడుపుతో ఉన్న ఆడది తాడు పట్టుకుంటే రెండు వాటాలు. కుప్పలు వేసేది యూలాలీ అత్త. ఆవిడ వేసిన కుప్పకి ఎదురు చెప్పిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు.

ఆ ధర్మం ప్రకారమే హాల్డెన్ దొర కూడా మా చేప తిన్నాడు. అప్పటికి మా ఊరికి రోడ్డు లేదు, హోటలంటే ఏమిటో తెలీదు. దొర అరటికాయల ఓడ దిగి, పెళ్ళాన్ని వెంటబెట్టుకుని కొండ దాటి నడిచి వచ్చాడు. యూలాలీ అత్త తన మంచం వాళ్ళకిచ్చి తను నేల మీద పడుకుంది. సీమపనస కాల్చి పెట్టింది. ఎప్పుడు పోతావని చుట్టాన్ని అడగడం మా ఇంటావంటా లేదు. వాళ్ళు వానలు పడేదాకా ఉన్నారు. దొర చొక్కా విప్పేసి మాతో తాడు లాగాడు. ఎండకి వీపు ఎర్రగా కమిలిపోతే మేం పగలబడి నవ్వాం, తనూ నవ్వాడు. నిజం చెప్పాలంటే ఆ మనిషంటే మాకు ముచ్చటేసింది.

మరుసటేడు ఈ పట్నంలోనే, హోటలు కంపెనీ ఆఫీసు గోడ మీద మా తీరం బొమ్మ కనిపించింది. తెల్లటి ఇసుక, కొబ్బరిచెట్లు, నీళ్ళు. పడవ లేదు, వల లేదు, మనిషి లేడు. నేను తట్ట దించి ఆ బొమ్మలో మావాళ్ళ కోసం వెతుక్కున్నాను. ఆదివారం పొద్దున మేమంతా చర్చిలో ఉన్నప్పుడు హాల్డెన్ దొరే తీశాడట. కింద పెద్దక్షరాల్లో "మనిషి చెయ్యి తగలని తీరం" అని రాశారు.

ఊరికి పోయి యూలాలీ అత్తకి చెప్పాను.

"నా మంచం మీద పడుకుని, నేనే లేనంటాడా?" అంది.

ఆ ఏడే వచ్చి కంచె వేశారు. గుంజలు పాతిన సాయంత్రం ఎండుకొబ్బరి పాకలో ఊరంతా కూడాం. మా వల పెద్ద ఎవారిస్త్ అన్న లేచి, "ఇంకో అర్జీ పెడదాం" అన్నాడు.

"పోయిన అర్జీ ఏమైంది?" అన్నాను.

"నేల మనదని కాయితం తెమ్మన్నారమ్మా."

"మా తాత బొడ్డుపేగు ఆ పడమటి కొబ్బరిచెట్టు కింద పాతారు. మా నాన్నదీ అక్కడే. అది చాలదంటారా?" అంది యూలాలీ అత్త.

"అయితే తవ్వి పట్టుకుపోయి ఆఫీసరు బల్ల మీద పెట్టత్తా!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

అప్పుడు అత్త కొడుకు మార్సెలాఁ లేచాడు. ఒంటి మీద మడత నలగని ఖాకీ చొక్కా.

"నన్ను కంచె కాపలాకి పెట్టుకున్నారు. రేపు హోటలు కడితే ఇంకా చాలామందిని పెట్టుకుంటారు. ఊరికే గొడవెందుకు?" అన్నాడు.

"సిగ్గులేదంట్రా? నీ బాబు వల లాగి నిన్ను పెంచాడు. నువ్వు మమ్మల్ని తోలడానికి కర్ర పట్టుకుంటావా?" అన్నాను నేను.

"అదే వలతో మా బాబు పస్తులు కూడా ఉన్నాడు క్లోతిల్డ్ అక్కా. చేప పడని రోజున నువ్వొచ్చి అన్నం పెట్టావా? ఈ చొక్కాకి వారం వారం జీతం వస్తది."

ఏ తీర్మానమూ చెయ్యకుండానే ఇళ్ళకి పోయాం. కొన్నాళ్ళు తూర్పు కొస నుంచే రెండు తాళ్ళూ లాగి చూశాం. వల నాచు తప్ప ఏమీ తేలేదు. పొయ్యిలు ఆరిపోయాయి. పిల్లలు పచ్చి అరటికాయ ఉప్పునీళ్ళలో ఉడకేసుకుని తిన్నారు. మేం ఒడ్డున కూర్చుని ఆ సముద్రాన్ని చూడటం తప్ప ఏం చెయ్యలేకపోయాం.

ఇదిగో, అప్పుడొచ్చింది పార చేపల మంద. పొద్దున్నే కొండ మీంచి చేపల జాడ చూసేవాడి శంఖం మోగింది. చూస్తే నీళ్ళు నల్లబడి కదులుతున్నాయి. ఇక ఊరు ఆగుతుందా? సభలూ తీర్మానాలూ చెయ్యలేని పని ఆ శంఖం చేసింది. ఎవారిస్త్ అన్న పడవ తోశాడు. సగంమంది తూర్పున నిలబడ్డారు. మిగతావాళ్ళం గౌన్లు ఎగదోపుకుని, మెడలోతు నీళ్ళలో కంచె చుట్టి పడమటి కొసకి చేరాం.

"అమ్మా, ఆగవే! నా ఉద్యోగం పోద్ది!" అని మార్సెలాఁ అరుస్తూనే ఉన్నాడు.

"నీ పని నువ్వు చూసుకో నాయనా. మా పని మేం చూసుకుంటాం" అంది అత్త, తాడు నడుముకి చుట్టుకుంటూ.

కంపెనీ మేస్త్రీ జీపెక్కి పోయి పోలీసుల్ని తెచ్చాడు. కొత్తగా వేసిన రోడ్డు మీద లారీ ఎంత త్వరగా వచ్చిందనుకున్నారు! మా చెల్లెలు కాన్పు కష్టమై చచ్చిపోయిన రోజున రోడ్డు వెయ్యాలని ఎవరికీ గుర్తు రాలేదు.

"తాడు వదలండి!" అన్నాడు సార్జెంటు.

"వదిలితే వల పోద్దయ్యా. చేప ఒడ్డున పడనీ. తర్వాత నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికొస్తాం" అన్నాడు ఎవారిస్త్ అన్న.

సార్జెంటు లాఠీతో అన్న భుజం మీద కొట్టాడు. ఇద్దరు పోలీసులు ఈడ్చుకుపోయి లారీలో పడేశారు. అన్న పట్టుకున్న చోట ఇంకొకడు పట్టుకున్నాడు. వాణ్ణీ ఈడ్చారు, ఇంకొకామె వచ్చింది. లారీ నిండుతోంది, తాడు మాత్రం సడలడం లేదు. సార్జెంటుకి పిచ్చెక్కింది. "తాడే లాక్కోండిరా!" అని అరిచాడు. పోలీసులంతా తాడు మీద పడి మా చేతుల్లోంచి ఒడ్డు వైపుకి గుంజారు. గుంజితే ఏమవుతుంది? వల వస్తుంది! బూట్లు ఇసుకలో దిగబడేలా వాళ్ళు లాగుతుంటే, అటు తూర్పున మావాళ్ళు పాట ఎత్తుకుని లాగారు. వల వచ్చి ఒడ్డున పడింది. ఒడ్డంతా చేపలే. ఒరే, సార్జెంటు మొహం మీరు చూసుండాల్సింది!

యూలాలీ అత్త ఎవరినీ పట్టించుకోలేదు. కొబ్బరాకులు పరిచి కుప్పలు వెయ్యడం మొదలుపెట్టింది. లారీలో ఉన్నవాళ్ళ వాటాలు లారీలోకి అందించింది. తర్వాత ఆకులు తీసుకుపోయి ఒక్కో పోలీసు బూట్ల ముందు పెట్టింది.

"ఇదేందే ముసల్దానా?" అన్నాడు సార్జెంటు.

"నువ్వూ తాడు ముట్టావు నాయనా. ఇది నీది."

సార్జెంటు కుప్పని తన్నాడు. అత్త వంగి ఇసుక దులిపి మళ్ళీ పెట్టింది. ఒక కుర్ర పోలీసు తల దించుకుని టోపీ సర్దుకున్నాడు. వాడిదీ మాలాంటి ఊరే అయ్యుంటుంది.

అప్పుడు కంచె దగ్గర నిలబడ్డ మార్సెలాఁ మెల్లగా వచ్చాడు.

"అమ్మా, మరి నాకో?"

"తాడు ముట్టావా?"

"లేదు."

"మరి?" అంది అత్త. కళ్ళు తుడుచుకుని తర్వాతి కుప్ప వేసింది. కొట్టినవాళ్ళకి వాటా ఉంది, కన్నకొడుక్కి లేదు. వాడి మొహం చూడలేక నేను అటు తిరిగాను. నాక్కూడా ఏడుపొచ్చింది.

సార్జెంటు వలని సాక్ష్యం కింద పట్టుకుపోతానన్నాడు. ఊరంతటికీ ఉన్నది ఆ ఒక్క వల. బతిమాలాం, కాళ్ళు పట్టుకున్నాం, తిట్టాం. ఏదీ పని చెయ్యలేదు. వలని లారీలోకి ఎత్తారు. లారీ కదిలింది. వెనకాల పడమటి తాడు ఇసుక మీద ఈడ్చుకుపోతోంది.

మార్సెలాఁ పరుగెత్తాడు. తాడు కొస అందుకుని మడమలు తన్నిపెట్టి వెల్లకిలా వాలాడు.

"ఇప్పుడు ముట్టానే అమ్మా!" అని అరిచాడు.

ఆ కేక విన్నాక మేం ఉండగలమా? అందరం తాడు మీద పడ్డాం. లారీ చక్రాలు ఇసుకలో గిర్రున తిరిగాయి. కాసేపు లారీ ఆగింది. మేం ఆపాం! తర్వాత చక్రాలకి రోడ్డు దొరికింది. మమ్మల్ని కంకర మీద ఈడ్చింది. ఎవరూ వదల్లేదు. చివరికి సార్జెంటు కత్తి తీసి తాడు కోశాడు. మేం ఒకరి మీద ఒకరు పడ్డాం. పోలీసులు దిగి మార్సెలాఁని ఆ ఖాకీ చొక్కా చిరిగేలా ఈడ్చుకుపోయారు.

లారీ వెళ్ళిపోయాక యూలాలీ అత్త తిరిగొచ్చి కూర్చుని, ఇంకో ఆకు పరిచి, ఇంకో కుప్ప వేసింది. ఎవరిదని మేం అడగలేదు.

ఇప్పుడు తూర్పు సగానికీ కంచె వచ్చింది. ఎవారిస్త్ అన్న, మార్సెలాఁ, మిగతావాళ్ళు మీ పట్నం జైల్లోనే ఉన్నారు. మా వల పోలీసు స్టేషను పెరట్లో వానకి తడుస్తూ కుళ్ళిపోతోంది. చలికాలానికి దొరలు ఓడ నిండా వస్తారట. మేం ఏం చెయ్యగలమో నాకు తెలీదు. తెలిస్తే మీ దగ్గరికి ఎందుకొస్తాను?

నాకు మిగిలింది ఇదొక్కటే. కోసిన తాడు ముక్క. ముందు బల్ల నుంచి పంపిస్తున్నాను. ఊరికే చూసి పక్కవాడికి ఇవ్వకండి, ముట్టే ముందు ఆలోచించుకోండి. ముట్టినవాళ్ళకి వాటా తప్పదు, చేపలు మాత్రం లేవు. ఏంటబ్బాయ్, వెనక బల్లల దాకా అందదా? అయితే జరిగి దగ్గరగా కూర్చోండి.