జమ్లీ బుడ్డి

ఈ కథ నమ్మనివాళ్లు ఉంటే ఇప్పుడే లేచి నిలబడండి, మీ ముఖాలు ఒకసారి చూసి పెట్టుకుంటాను. అయిపోయాక మీరే వచ్చి నా ముందు తల వంచుతారు, అప్పుడు గుర్తుపట్టాలి కదా.

మునగాల పక్క తండాలో జమ్లీ రోజూ నాట్లకు పోయేది. ఆమె గొంతు సంగతి చెప్పాలంటే నా గొంతు చాలదు. మడిలో వంగి పాట ఎత్తుకుంటే హైవే మీద లారీలు హారన్ మరిచిపోయేవి. మిర్యాలగూడ రైసుమిల్లులు కాసేపు ఆగి, విని, మళ్లీ తిరిగేవి. తండాలో ఏ పిల్లను అత్తగారింటికి పంపినా ఢావ్లో నేర్పేది ఆమే. ఢావ్లో అంటే ఏడుపు పాట. పిల్ల ఒక్కొక్కరి మెడ పట్టుకుని, నన్నెందుకు పంపుతున్నారని రాగం తీసి నిలదీయాలి. రాగం తప్పితే జమ్లీ ఊరుకోదు, మళ్లీ మొదటి నుంచి ఏడిపిస్తుంది.

ఆమె మొగుడు హీరాలాల్ వడ్ల లారీ డ్రైవర్. వేములపల్లి దగ్గర లోడు ఎక్కిస్తుంటే బస్తాల నిట్టు ఒరిగి అతని నడుం మీద పడింది. సూర్యాపేట దవాఖానలో చేయవలసిందంతా చేసి, కాళ్లలో ఇంకా జీవముంది, కానీ అతను లేవాలనుకుంటేనే లేస్తాడని చెప్పి ఇంటికి పంపారు. హీరాలాల్ లేవాలనుకోలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. మాట లేదు, ఏడుపు కూడా లేదు. మనిషి కొంచెం కొంచెంగా గోడలో కలిసిపోతున్నాడు.

ఆదివారం తండాలోని రేకుల షెడ్డులో ప్రార్థనకు కోదాడ నుంచి పాస్టర్ మట్టయ్య వస్తాడు. దేవుణ్ణి నిలదీసి ఏడిస్తే పాపమా అని జమ్లీ ఆయన్ని అడిగింది. పాపం కాదన్నాడాయన. బైబిల్లో ఎంతెంత గొప్ప భక్తులో ఎన్నాళ్లయ్యా, నన్ను మరిచిపోయావా అని దేవుణ్ణి పట్టుకుని ఏడ్చారన్నాడు. ఆ కన్నీళ్లను దేవుడు తన బుడ్డిలో పోసి దాచుకుంటాడని కూడా చెప్పాడు.

ఆయన పుస్తకంలో బుడ్డి అంటే సీసా. తండాలో బుడ్డి అంటే దీపం.

జమ్లీ ఇంటికి పోయి అటక మీది బుడ్డి దించింది. రేషన్‌లో గ్యాసునూనె బందయ్యాక అది ఎండిపోయి పడి ఉంది. దాన్ని తోమి, పక్కింటి రాజమ్మను అడిగి ఒత్తి తెచ్చుకుని, బుడ్డి మెడ పట్టుకుని దేవుడి మీద ఢావ్లో ఎత్తుకుంది. ఏం ఏడుపది! ఇన్ని పెండ్లిళ్లలో నేను విన్నవన్నీ దాని ముందు దగ్గులే. కన్నీళ్లతో బుడ్డి సగం నిండింది. అగ్గిపుల్ల గీసి పెడితే అంటుకుంది. నిడమనూరులో కోళ్లు తెల్లారిందనుకుని కూశాయి.

రాజమ్మ గడపలోంచి చూసి, "ఒత్తి జర కిందికి తియ్యి, మసి పడ్తది," అన్నది. అంతే.

మరుసటి ఆదివారం పాస్టర్ వచ్చి చూశాడు. "బుడ్డి అంటే సీసా అమ్మా, దీపం కాదు," అని మెల్లగా చెప్పాడు.

"సీసాల పోస్తే దేవునికి కనవడ్తయి అయ్యా," అన్నది జమ్లీ. "నాకేం కనవడ్తది?"

ఆయన ఆ వెలుతురులోనే ప్రార్థన చేసి కోదాడ బస్సెక్కాడు.

ముసురు పట్టింది. ఇంట్లో పగలే చీకటి. జమ్లీ బుడ్డి వెలిగించి గడప దగ్గర పెట్టి నాట్లకు పోయింది. మధ్యాహ్నానికి గోడ మీద వెలుగు సన్నబడసాగింది. అది దేనితో మండుతోందో హీరాలాల్‌కు తెలుసు. ఆమె ఏడ్చిందంతా అయిపోవస్తోంది. అతను గోడను వదిలి ఇటు తిరిగాడు. మోచేతుల మీద పాకాడు. సగం దూరం పోయాక వెనకనుంచి కాళ్లు కూడా ఒక తోపు తోశాయి. వెళ్లి బుడ్డి మెడ పట్టుకున్నాడు. మగవాళ్లు ఢావ్లో పాడరు. అతను పాడాడు.

"దేవా, నా నడుం ఇర్సినవ్. ఆమె గొంతు గూడ ఇరుస్తవా?"

కన్నీళ్లు పడ్డాయి. దీపం లేచింది. వాన తెరలు చీల్చుకుని ఆ వెలుగు మడి దాకా వచ్చింది, వెనకే పాట. జమ్లీ నారుకట్ట చేతిలో పట్టుకుని నిలబడి విన్నది.

"రాగం తప్పుతుండు," అని బురదలోనే కూలబడి, నవ్వుతూ ఏడ్చింది. ఆ సాయంత్రం అతన్ని కూర్చోబెట్టి మళ్లీ మొదటి నుంచి ఏడిపించింది.

ఇప్పుడు హీరాలాల్ కర్ర పట్టుకుని షెడ్డు దాకా నడిచిపోతాడు, రాగం ఇంకా తప్పుతూనే. నమ్మరా? ఆ మడిలో జమ్లీ పక్కన నారు పట్టుకుని నిలబడి చూసిన మనిషిని అడగండి. ఒత్తి ఇచ్చింది కూడా ఆమే. రాజమ్మ.