పాలసీసా దిండు

...అయినా ఆ దిండులో తప్పేముంది, నడుమ పాలసీసా సరిగ్గా ఒదిగేలా గుంట వదిలి, చుట్టూ రెండు వరసల కుట్టు వేశాడు, పాప కదిలినా సీసా జారదు. మిగిలిన గుడ్డపీలికలన్నీ అందులోనే కూరాడు. వీధిలో ఆడవాళ్లు చూసి తమకూ ఒకటి కుట్టిమ్మన్నారు. తన చేతిపనిలో ఇంతకంటే తెలివైనది లేదని దర్జీ రెండేళ్లుగా నమ్ముతున్నాడు. రోజుకి మూడుసార్లు పాపని వెల్లకిలా పడుకోబెట్టి, ఆ దిండు ఛాతీ మీద ఆనించి, తను మిషన్ తొక్కుకునేవాడు.

ఇందాక ఆసుపత్రిలో పాప కారే చెవి చూసి డాక్టరమ్మ ఒక్కొక్కటే అడిగింది. ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా? లేదు. పదిమంది పిల్లలుండే క్రెష్‌లో వదులుతారా? లేదు. మీ రెండు వైపులా చిన్నప్పుడు ఎవరికైనా చెవి కారేదా? లేదు. పడుకోబెట్టి సీసా పడతారా?

"లేదండీ. ఒళ్లో కూర్చోబెట్టుకునే."

మొదటి మూడూ నిజాలు. నాలుగోది వాటి వెనక నక్కి దాటిపోయింది.

"పడుకుని తాగితే పాలు గొంతు వెనక నుంచి చెవి వైపు ఎక్కుతాయి," అంది డాక్టరమ్మ. "అదే కారణమైతే మాన్పించి మూడు నెలలు చూసేదాన్ని. మీరు లేదంటున్నారుగా. ఇక మత్తిచ్చి, లోపలి నీరు బయటికి పోయేలా చెవిలో చిన్న గొట్టం వేద్దాం. బయట కూర్చుని ఈ కాగితం చదివి సంతకం పెట్టండి."

ఇప్పుడు కాగితం మోకాలి మీద ఉంది. పాప భుజం మీద నిద్రపోతోంది. కారే చెవి అతని మెడకి వెచ్చగా ఆనుకుంది. పక్క కుర్చీలో ఒక పెద్దావిడ.

"తల్లి రాలేదా నాయనా?"

"వేరే ఊళ్లో మిల్లు పనండీ. పదిహేను రోజులకోసారి వస్తుంది."

"మరి వంటా వార్పూ?"

"నేనే."

"మీ ఆవిడ పెట్టి పుట్టింది. మా ఆయన చెవులకి ఏ రోగమూ లేదు, అయినా నలభై ఏళ్లుగా నా మాట వినపడదు. ఆయనకేం గొట్టం వేస్తారో లోపల కనుక్కోవాలి."

అతను నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. భార్య పోయినసారి వెళ్తూ వెళ్తూ చెప్పులు తొడుక్కుంటూ అన్నది గుర్తొచ్చింది. "నీ పద్ధతి వల్లే చెవి కారుతోందని తెలిసిందా, దీన్ని మా అమ్మ దగ్గర దింపేస్తా. మిషనో పిల్లో, నీకు ఒకటే కుదురుతుంది." కోపంగా అని ఉంటే మర్చిపోయేవాడే. లెక్క చూసుకుని అన్నట్టు అంది.

పాప వెళ్లిపోతే ఆ గదిలో ఎవరితో మాట్లాడతాడు? నడుము పెరగలేదని పంతం పట్టే గిరాకీ గురించి, ఎంత కుట్టినా కుదరని కాలర్ గురించి, అన్నీ పాపకే చెప్పేవాడు. అది కళ్లప్పగించి అతని పెదాలు చూసేది. ముచ్చటపడి వింటోందనుకున్నాడు. చెవిపొర వెనక నీరు నిలిచిందట, అరచేతులతో చెవులు మూసుకుంటే ఎంత వినిపిస్తుందో అంతేనట దానికి, నెలల తరబడి. అంటే ఆ కబుర్లలో ఎన్ని చేరాయి? ఒంటరిగా మిగలకూడదనే కదా అబద్ధమాడాడు. ఇన్నాళ్లూ ఒక్కడే మాట్లాడుకున్నాడేమో. అటువైపు అది, కదిలే నోరు చూస్తూ, తన నిశ్శబ్దంలో తాను.

ఇవాళ్టి నుంచి గుట్టుగా మానేస్తే? మానేయొచ్చు. కానీ గొట్టం? వద్దంటే ఎందుకని డాక్టరమ్మ అడుగుతుంది. ఎటు తిప్పినా నోరు విప్పక తప్పని చోటికే వస్తోంది ఆలోచన. సంతకం పెట్టడం తేలిక. తన ఒక్క మాట మీద బల్ల మీద మత్తులో పడుకునేది మాత్రం ఈ పిల్ల.

"అయిందా బాబూ సంతకం?" బల్ల దగ్గరి గుమాస్తా తలెత్తకుండానే అడిగాడు. "ఆపరేషన్ వచ్చే వారానికి రాసేస్తా."

"ఇంకా లేదు."

లేచాడు. పాపని రెండో భుజానికి మార్చుకున్నాడు.

"పిలవందే లోపలికి వెళ్లకూడదయ్యా," అన్నాడు గుమాస్తా.

"తెలుసు," అన్నాడు.

తలుపు తోశాడు. డాక్టరమ్మ ఇంకో పిల్లాడి చెవిలోకి చూస్తోంది. విసుగ్గా తిరిగింది.

"ఒళ్లో కాదండీ," అన్నాడు దర్జీ. "పడుకోబెట్టే పట్టాను. రెండేళ్లుగా."