నాలుగో ప్రశ్న

గంటకు అరవై కాలర్లు కుట్టాలి. ఆమె ముప్ఫై ఏడో కాలరు మీద ఉండగా సూపర్‌వైజర్ మెషిన్లన్నీ ఆపించాడు. సరుకు కొనే కంపెనీ వాళ్లు తనిఖీకి వచ్చి ఆఫీసు గదిలో కూర్చున్నారట. లైన్లోని నలభై మందీ ఒక ఇంగ్లీషు కాగితం నింపి ఇవ్వాలట.

"మొదటి మూడు ప్రశ్నలకీ అవును అని టిక్కు పెట్టండి. నాలుగోదానికి కాదు అని. ఇక్కడ హ్యుమిలియేటింగ్ పద్ధతులున్నాయా అని అడిగారు. అంటే పని కష్టంగా ఉందా అని. నేను చెబితే మీరు నమ్మరు," అంటూ కాలర్లామె వైపు తిరిగాడు. "ఇంటర్ చదివావుగా, నువ్వు చెప్పమ్మా."

నవ్వుతూనే అడిగాడు. ఆ నవ్వు చూశాక ఉద్యోగం పోగొట్టుకున్న వాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు.

అక్కడ బాత్‌రూంకి వెళ్లాలంటే మెడలో ఎర్ర అట్ట వేసుకోవాలి. నలభై మందికీ అట్ట ఒక్కటే. మొన్న దాని కోసం అడిగి అడిగి, బొత్తాలు కుట్టే పెద్దక్క స్టూలు మీదే చీర తడుపుకుంది. యాభై ఏళ్ల మనిషి. సూపర్‌వైజర్ ఆమె చేతికే గుడ్డ ఇచ్చి అందరి ముందూ తుడిపించాడు. ఆ పూట ఎవరూ తలెత్తలేదు. కాలర్లామె కూడా ఎత్తలేదు. అప్పట్నుంచీ తనంటే తనకే అసహ్యంగా ఉంది.

ఇంట్లో సంపాదించేది తనొక్కతే. సూపర్‌వైజర్ చెప్పిందే తిరిగి అప్పజెబితే గొడవుండదు.

"కష్టం అని కాదండీ," అంది. "మనిషి పరువు తీసేది అని. నలుగురిలో తలెత్తుకోనివ్వకుండా చేసేది."

"అంటే ఎలాంటిదే?" అంది పక్క మెషినామె.

ఉదాహరణ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట నలభై మందిలో మళ్లీ ఎత్తడం ఇష్టం లేక మింగేసింది.

పెద్దక్కే అడిగింది. "మొన్న నాకు జరిగిందే, అలాంటిదా?"

"అవును పెద్దక్కా."

"నువ్వొకసారి బయటికి రా," అన్నాడు సూపర్‌వైజర్. ఆయన మొహంలో నవ్వు లేదు.

పెద్దక్కకు అక్షరం ముక్క రాదు. పెన్ను పిడికిట్లో బిగించి, తన కాగితాన్ని కాలర్లామె ముందుకు జరిపింది.

"వెళ్దువుగానీ. ముందు నాలుగోదానికి అవునన్న గడి ఏదో చూపించి పో."

కాలర్లామె ఆ గడి మీద వేలు ఆనించింది.