ఆరో పోడియం వెనక పీట

ఆర్మాండ్ బూషే పీట అంచుల్ని ఉప్పుకాగితంతో రుద్దుతున్నాడు. రుద్ది, బొటనవేలితో తడిమి, మళ్ళీ రుద్దుతున్నాడు. మేపుల్ చెక్క పొట్టు అతని ముంజేతుల మీది నెరిసిన వెంట్రుకల్లో పిండిలా చిక్కుకుంది. ఆ పొట్టుకు ఒక తియ్యటి వాసన ఉంటుంది, పాలు కాగి గిన్నె అంచుకు అంటుకున్నప్పటి వాసన. ఈ కాలేజీ రంగస్థలం వెనకనున్న వడ్రంగి గదిలో అతను చేరినప్పుడు నెత్తిన దట్టంగా జుట్టుండేది. ఇప్పుడు నున్నటి గుండు, చెవి మీద పెన్సిలు, బరువులు మోసి మోసి కిందికి దిగిన ఎడమ భుజం. ఆ వాసన మాత్రం అతనికి ఇంకా పాతబడలేదు.

పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు క్లోడెట్ అతని చేతి తొడుగుల్ని హీటరు మీద పెట్టి వెచ్చచేసి ఇచ్చింది. మాంచెస్టర్ చలిలో కారు దాకా నడిచే ఆ కాసేపు చేతులు కాల్చిన రొట్టెలో పెట్టినట్టున్నాయి. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టిన ముచ్చట అది. ఒక్క చలికాలం కూడా మానలేదు. భోజనం డబ్బాలో పంది మాంసం కూరి కాల్చిన 'పై' రొట్టె ముక్క పెట్టింది. పక్కన ఒక డోనట్ కూడా పెట్టింది, డాక్టరు వద్దన్నది.

"ఇవాళొక్కరోజుకి తిను," అంది. "గవర్నర్ గారు మాట్లాడేటప్పుడు నీ పొట్ట గుర్రుమంటే దేశమంతా వింటుంది."

ఆ సాయంత్రం ఆ వేదిక మీద అధ్యక్ష పదవికి పార్టీ టికెట్టు అడుగుతున్నవాళ్ళ డిబేట్. వారంలో ప్రైమరీ, అంటే పార్టీ అభ్యర్థిని జనం ఎంచుకునే పోలింగు. ఆర్మాండ్ ఆరు పోడియంలు చేశాడు, అన్నీ ఒకే ఎత్తు. గవర్నర్ ఇంగ్రిడ్ హాల్వర్సన్ మాత్రం పొట్టి మనిషి. పోడియం వెనక నిలబడితే గడ్డం నుంచి పైకి మాత్రమే కనిపిస్తుంది. అందుకే ఈ పీట. కెమెరాకి కనిపించని చోట ఉంటుంది కాబట్టి పాత ప్లైవుడ్ ముక్క కొట్టేసినా సరిపోయేది. ఆర్మాండ్ మాత్రం ఇంటి కొట్టంలో దాచుకున్న మేపుల్ పలక తెచ్చాడు.

ఆ పలక ఊయల కోసం తెచ్చిపెట్టుకున్నది.

కూతురు జోసెట్ ఉత్తరాన, కొండల అవతల, కాగితం మిల్లు మూతపడిన ఊళ్ళో ఉంటుంది. అక్కడి ఆసుపత్రిలో కాన్పుల వార్డు ఎత్తేశారు. నష్టం వస్తోందట. కిందటి చలికాలం నొప్పులు మొదలైతే అల్లుడు కారులో కూర్చోబెట్టుకుని కనుమ దాటబోయాడు. మంచు. ముందు ఒక లారీ అడ్డంగా తిరిగి ఆగిపోయింది. బిడ్డ కారు వెనక సీట్లో పుట్టాడు. ఏడవలేదు.

ఇప్పుడు జోసెట్‌కి మళ్ళీ నెలలు నిండుతున్నాయి. కనుమ అదే, మంచు అదే.

ఆకులు రాలే రోజుల్లో గవర్నర్ హాల్వర్సన్, ఆర్మాండ్ వాళ్ళ వీధిలోని లెబ్లాంక్ గారి ఇంటి ముందు గదికి వచ్చింది. ఇక్కడ అది మామూలే. అధ్యక్షుడు కావాలనుకున్నవాళ్ళు ఇళ్ళకొచ్చి, సోఫా చేతి మీద కూర్చుని, కాఫీ తాగి, అడిగినదానికి జవాబు చెప్పి పోవాలి. ఆర్మాండ్ జన్మలో మొదటిసారి నలుగురిలో లేచి నిలబడి జోసెట్ సంగతి చెప్పాడు. మిగతా నాయకులైతే అతని భుజం తట్టి ఫొటో తీయించుకునేవాళ్ళు. ఆమె చేతిలోని కప్పు కింద పెట్టి, "మా రాష్ట్రంలోనూ ఇలాగే ఎత్తేస్తుంటే అడ్డుపడ్డాను, కొన్ని నిలిచాయి, కొన్ని పోయాయి," అంది. "ఈ మాట మీ ముందు గదిలో చెబితే మీరే వింటారు. ఆ డిబేట్ వేదిక ఎక్కనివ్వండి. దేశం వినేలా చెబుతాను. మీ అమ్మాయి పేరు చెప్పొచ్చా?"

చెప్పమన్నాడు. అప్పట్నుంచీ ఆ డిబేట్ కోసమే బతుకుతున్నట్టున్నాడు.

"ఏంటి గురూ, సింహాసనం చేస్తున్నావా?" లైట్లు కట్టే డోనీ గుమ్మంలోంచి తల పెట్టాడు. మనిషి సన్నం, నడుముకి తీగచుట్టలు. "అంత నునుపు చేస్తే ఆవిడ జారి పడుద్ది."

"పైన గరుకు పట్టీ వేస్తాలే."

"మరి నీ ఓటు ఆవిడకేనా?"

"ఇంకా తేల్చుకోలేదు," అన్నాడు ఆర్మాండ్.

డోనీ పగలబడి నవ్వాడు. "పీట చేసి పెట్టి కూడా తేల్చుకోలేదట!"

అది ఆ ఊళ్ళవాళ్ళ అలవాటు. ఎవరికి ఓటేస్తావని అడిగితే పోలింగు తెల్లారిదాకా అదే మాట. ఆర్మాండ్ తండ్రీ అదే చెప్పేవాడు, తాతా అదే చెప్పేవాడు. ముందే పేరు చెప్పేసినవాణ్ణి చవగ్గా అమ్ముడుపోయినట్టు చూస్తారు. పోయిన వారం చానెల్ వాళ్ళ సర్వే ఫోనొచ్చింది. ఫోన్లోని అమ్మాయి అభ్యర్థుల పేర్లన్నీ చదివింది. హాల్వర్సన్ పేరు చిట్టచివర, గబగబా. ఆర్మాండ్ ఛాతీ విరుచుకుని, "ఇంకా తేల్చుకోలేదమ్మా," అని పెట్టేశాడు. క్లోడెట్ గరిటె పట్టుకునే వచ్చింది. "ఆ పేరు చెబితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?" అంది. అతను నవ్వేశాడు.

పీటను చంకన పెట్టుకుని వేదిక మీదికి వెళ్ళేసరికి వెనకనున్న పెద్ద తెర మీద బొమ్మలు సరిచూస్తున్నారు. నీలం వెలుగులో అభ్యర్థుల ముఖాలు, ఒక్కొక్కటీ గుమ్మమంత. ఆర్మాండ్ ఎడమ నుంచి కుడికి చూశాడు. మళ్ళీ కుడి నుంచి ఎడమకి చూశాడు.

ఐదే.

"డోనీ, గవర్నర్ ఏరి?"

డోనీ నిచ్చెన మీదే ఆగిపోయాడు. ఈసారి నవ్వలేదు. "నిన్నట్నించీ ఐదే ఆడుతున్నాయి గురూ. నేను ఇంకో బొమ్మ వస్తుందేమో అనుకున్నా."

"వేదిక ఎవరెక్కాలో తేల్చే సర్వే లెక్క మధ్యాహ్నం కదా చెప్పేది?"

"అవును. బొమ్మలు మాత్రం నిన్ననే వండేశారు."

మధ్యాహ్నం చానెల్ వాళ్ళ అమ్మాయి బ్రిన్ వచ్చింది. చెవిలో తీగ, మెడలో మూడు రకాల కార్డులు, ఎప్పుడూ ఎవరితోనో మాట్లాడుతూ ఉండే పెదవులు. మర్యాద గల పిల్లే. అందర్నీ పేరు పెట్టి పిలుస్తుంది.

"ఆర్మాండ్ గారూ, చిన్న మార్పు. చివరి పోడియం తీసేసి మిగతా ఐదూ కొంచెం ఎడంగా జరపాలి. గవర్నర్‌కి కావాల్సిన శాతం రాలేదు. వెంట్రుకవాసిలో పోయింది పాపం."

"పేపరు వాళ్ళ సర్వేలో దాటింది కదమ్మా? నేను చదివాను."

"ఆ సర్వే మా లెక్కలోకి రాదండి. మేం ఒప్పుకున్న సర్వేలు వేరే ఉంటాయి."

"ఏవి?"

"మావి," అంది బ్రిన్. అన్నాక ఆ మాట తనకే ఎలాగో వినిపించినట్టుంది. చూపు పక్కకి తిప్పుకుంది. "అంటే... జనం ఆవిణ్ణి గుర్తుపట్టడం లేదండి. మేమేం చేస్తాం?"

"మీరు చూపిస్తే కదా గుర్తుపట్టేది!" ఆర్మాండ్ గొంతు ఖాళీ హాలులో ఖంగుమంది. పై వరసల్లో కుర్చీలు తుడుస్తున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. "ఇంకో అభ్యర్థి, ఆ లాంకస్టర్, జుట్టు కత్తిరించుకుంటే చూపించారు. వాడి కుక్కకి జ్వరమొస్తే చూపించారు. ఈవిడ మా వీధికి వస్తే ఒక్క కెమెరా వచ్చిందా? మీరు చూపించరు, జనానికి తెలీదు. తెలీదని మీరు పిలవరు. ఎవరమ్మా తేల్చేది? వారం రోజుల్లో ఓటెయ్యడానికి మేమున్నాం కదా, మా కంటే ముందు మీరెవరు?"

"నేను తేల్చలేదండి," అంది బ్రిన్ మెల్లగా. "పైనుంచి వచ్చింది."

పైనుంచి వచ్చింది. ఆసుపత్రి వార్డు ఎత్తేసినప్పుడు జోసెట్‌కి కూడా సరిగ్గా ఇదే మాట చెప్పారు. పైనుంచి వచ్చింది. ఆ పైన ఎవరుంటారో, వాళ్ళింట్లో ఆడవాళ్ళు ఎక్కడ కంటారో!

ఇంతలో ఆ వెంట్రుకవాసి అన్న మాట అతని గుండెలో ముల్లులా దిగింది. తనూ, లెబ్లాంకూ, వీధి మొత్తం కలిసి ఫోన్లో ఏం చెప్పారో గుర్తొచ్చింది. ఛాతీ విరుచుకుని చెప్పారు. ఆ జవాబు విని చానెల్ వాళ్ళు ఎంత నవ్వుకుని ఉంటారో! తేల్చుకోలేదన్నవాళ్ళ గుంపే అందరికంటే పెద్దదట, డోనీ ఫోన్లో చూసి చెప్పాడు. అంతమంది తేల్చుకోకపోతే అందర్నీ నిలబెట్టి మాట్లాడించాలి గానీ, ఉన్నవాళ్ళలోంచి ఒకరిని తీసేయడం ఏం న్యాయం?

అయినా పని పనే. ఆర్మాండ్ మోకాళ్ళ మీద కూర్చుని ఆరో పోడియం మరలు విప్పాడు. డోనీ రెండో వైపు పట్టాడు. ఇద్దరూ దాన్ని మోసుకెళ్ళి తెర వెనక గోడకి ఆనించారు. మిగతా ఐదూ జరిపారు. ఖాళీ ఎక్కడా మిగల్లేదు. హాలులోకి ఇప్పుడెవరైనా వస్తే మొదట్నుంచీ ఐదే అనుకుంటారు. అంత బాగా చేసినందుకు అతనికి తన చేతుల మీదే అసహ్యం వేసింది.

సాయంత్రం బ్రిన్ మళ్ళీ వచ్చింది. ఈసారి నవ్వుతూ. "ఆ పీట పారేయలేదు కదా? లాంకస్టర్ గారి వాళ్ళు అడుగుతున్నారు. పక్కనున్నాయన కొంచెం పొడుగు. తెర మీద ఈయన చిన్నగా కనిపిస్తున్నారట. మధ్య పోడియం వెనక వేసేయండి, ఎవరికీ తెలీదు."

ఆర్మాండ్ చెవి మీది పెన్సిలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"అది గవర్నర్ గారిది."

"ఆవిడ రావట్లేదు కదండీ."

"రాకపోతే ఆవిడ పీట ఆవిడకిస్తా. వాడికి ఎత్తు కావాలంటే మీ చానెలుంది కదా, నెత్తిన పెట్టుకోండి!"

మెడలోని కార్డు తీసి మధ్య పోడియం మీద పెట్టాడు. చొక్కా మీద కోటేసుకున్నాడు. పీటను చంకన పెట్టుకుని వెనక తలుపు తోసుకుని బయటికి నడిచాడు. ఇన్నేళ్ళ పని అంతటితో అయిపోయిందని అతనికి తెలుసు. తలుపు మాత్రం ఎప్పటిలాగే చప్పుడు కాకుండా మూసుకుంది. దాని మడతబందుల్లో నూనె వేసేది అతనే.

కార్లు నిలిపే స్థలంలో మంచు మొదలైంది. ఒక మూల మహా అయితే ముప్పైమంది ఉన్నారు, టోపీలూ శాలువలూ కప్పుకుని. నడుమ గవర్నర్ హాల్వర్సన్, వేదిక ఎక్కనివ్వకపోయినా వచ్చింది. తలకి ఉన్ని టోపీ. జనం మధ్య ఆ టోపీ కుచ్చు తప్ప ఏమీ కనిపించడం లేదు. లెబ్లాంక్ గారున్నారు. క్లోడెట్ కూడా ఉంది, రేడియోలో విని వచ్చినట్టుంది, ముక్కు ఎర్రబడింది.

కెమెరాలన్నీ లోపలున్నాయి. చానెల్ మనిషి ఒకడు సిగరెట్ కాల్చుకోవడానికి బయటికొచ్చి, ఇటు చూసి, చలేసిందేమో లోపలికి పోయాడు.

ఆర్మాండ్ జనాన్ని తప్పించుకుని వెళ్ళి పీటను ఆమె ముందు పెట్టాడు. మోచేత్తో దాని మీది మంచు తుడిచాడు.

"ఎక్కండి మేడమ్. ఊగదు."

ఆమె పీటనీ అతన్నీ చూసింది. గుర్తుపట్టింది. "మీరు జోసెట్ వాళ్ళ నాన్నగారు కదూ?"

"అవునండి." ముక్కు తుడుచుకున్నాడు. "వాళ్ళు ఫోన్ చేస్తే మీ పేరు చెప్పలేదండి నేను. తేల్చుకోలేదన్నాను."

గవర్నర్ ముఖంలో కోపం రాలేదు. అలసిన నవ్వొకటి వచ్చింది. "మీరొక్కరే అనుకుంటున్నారా? పొద్దున్నుంచీ ఈ మాట చెప్పినవాళ్ళు మీతో కలిపి డజను మంది."

"నేనూ అదే చెప్పాను," అన్నారు లెబ్లాంక్ గారు వెనకనుంచి, నేరం ఒప్పుకుంటున్నట్టు.

"మహా గొప్ప పని చేశారు," అంది క్లోడెట్. "ఇద్దర్నీ ఒకే గాడిద మీద ఊరేగించాలి."

నవ్వు లేచి ఆవిరిలా చెదిరిపోయింది. గవర్నర్ అతని భుజం పట్టుకుని పీట ఎక్కింది. ఇప్పుడు అందరికీ ముఖం కనిపించింది. మైకు లేదు. వార్డు ఎత్తేసిన ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పింది. కనుమ రోడ్డు సంగతి చెప్పింది. జోసెట్ పేరు చెప్పింది. పేరు లేకుండా పోయిన పసివాడి గురించి చెప్పేటప్పుడు టోపీ తీసి చేత్తో పట్టుకుంది. దేశం వినాల్సిన మాటలు ముప్పైమంది విన్నారు. వాళ్ళ వెనక, గోడకి అవతల, చప్పట్లు ఎప్పుడు కొట్టాలో ప్రేక్షకులకి నేర్పిస్తున్నారు. ఆ చప్పట్లు బయటికి వినిపిస్తూనే ఉన్నాయి.

"వేదిక లేకపోతే ప్రచారానికి డబ్బిచ్చేవాళ్ళు నిలవరు," అంది చివరికి. "రేపు పొద్దున పోటీ నుంచి తప్పుకుంటున్నానని చెబుతాను. ముందు మీకు చెప్పాలనిపించింది."

ఆర్మాండ్ చెయ్యి అందించాడు, ఆమె దిగింది. ఆమె చెయ్యి మంచుగడ్డలా ఉంది. అతను తన తొడుగులు తీసి ఇవ్వబోతే వద్దని తలూపి కారెక్కింది. కారు మలుపు తిరిగి, ఎర్ర దీపాలు చెట్ల వెనక ఆరిపోయాయి.

"పద," అంది క్లోడెట్, అతని మోచెయ్యి పట్టుకుని. "జోసెట్‌ని తెచ్చేసుకుందాం. మనింట్లో ఉండి ఇక్కడి ఆసుపత్రిలో పురుడు పోసుకుంటుంది. ఎవడో వార్డు తెరుస్తాడని ఎదురుచూసింది చాలు."

"ఇవాళేనా?"

"రోడ్డు మూసెయ్యకముందే."

లోపల ఒక్కసారిగా సంగీతం మోగింది. డిబేట్ మొదలైంది. ఆర్మాండ్ ఆ గోడ వంక తిరిగి ఉమ్మేశాడు, జీవితంలో మొదటిసారి ఆ కాలేజీ నేల మీద. తర్వాత కారు దగ్గరికి నడిచాడు.

అందరూ వెళ్ళిపోయిన ఆ ఖాళీ స్థలంలో మేపుల్ పీట ఒక్కటే మిగిలింది. దాని చుట్టూ, దాని అంచుల మీదా మంచు పేరుకుంటోంది. మధ్యలో మాత్రం రెండు చిన్న పాదాల మేర చెక్క ఇంకా బయటికి కనిపిస్తోంది.