క్షమాపణ చాటింపు

కోర్టు వరండాలో యాకయ్య పొద్దుటి నుంచీ గోడకానుకొని నిలబడే ఉన్నాడు. బెంచీ మీద చోటున్నా బంట్రోతు కూర్చోనివ్వలేదు. రెండేళ్లుగా ప్రతి వాయిదాకూ కూలి పోగొట్టుకొని, హసన్‌పర్తి అవతలి తన పల్లె నుంచి బస్సెక్కి హనుమకొండకు వస్తున్నాడు. సాక్షి యాకయ్య అని ఒక్కసారి పిలిస్తే చాలు, లోపలికి పోయి తన తమ్ముడు ఉప్పలయ్య ఎట్లా చచ్చాడో చెప్పాలని ఆశ. ఆ పిలుపు రానేలేదు. ఒకనాడు జడ్జి సెలవు, ఒకనాడు దొర వకీలుకు జ్వరం. దొరల వకీళ్లకు జ్వరం కూడా వాయిదా చూసుకొనే వస్తుంది.

ఉప్పలయ్య కిషన్ రావు దొర కొత్త బావి తవ్వకంలో చచ్చాడు. బండ పగలగొట్టడానికి పెట్టిన తూటా ఎందుకు పేలలేదో చూసి రమ్మని దొర గట్టు మీద నిలబడి అతన్ని లోపలికి దింపాడు. దిగినాక అది పేలింది. పోలీసులు వచ్చేలోపే శవాన్ని కాల్పించి, తాగి పాత బావిలో పడ్డాడని పంచనామా రాయించాడు దొర. ఉప్పలయ్య భార్య కట్టమ్మకు పైసా ముట్టలేదు. యాకయ్య కడుపు మండి, వారపత్రిక నడిపే మల్లికార్జున్ దగ్గరకు పోయి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎమర్జెన్సీ పోయింది, ఇక నిజం రాసుకోవచ్చన్న ధైర్యంతో అతను అచ్చేశాడు. తన పరువు తీశారని దొర అతని మీద కేసు పెట్టాడు. మనిషి పోతే లేని కేసు, పరువు పోతే ఉంది ఈ దేశంలో!

మధ్యాహ్నం దాటాక మల్లికార్జున్ బయటకొచ్చాడు. యాకయ్య మొహం చూడలేక పక్కకు తిరిగి, రాజీ అయిందన్నాడు. దొరకు జడిసి ప్రెస్సువాళ్లు ఇక అచ్చు వెయ్యలేమంటున్నారట. ప్రకటనలిచ్చే వ్యాపారులు మొహం చాటేశారట. తను జైలుకు పోతే పెళ్లాం పిల్లలు రోడ్డున పడతారట. పత్రికలో క్షమాపణ వేస్తే దొర కేసు వదులుకుంటాడు.

"లోపల ఏమడిగిండ్రు సారూ? మా తమ్ముడు ఎట్ల సచ్చిండని అడిగిండ్రా?"

"అడగలే యాకన్నా. రాజీకొచ్చినంక ఎవరడుగుతరు? నువ్వు సుత జర పైలం. ఆ మాట మళ్ల ఎవరంటే వాళ్ల మీద కేసు పెడ్తమని దొర వకీలు నా ముందట్నే అన్నడు."

యాకయ్యకు అతని మీద కోపం రాలేదు. అతనొక్కడైనా రాశాడు. కానీ ఇంతమంది చదువుకున్నవాళ్లు రెండేళ్లు ఫ్యాన్ల కింద కూర్చొని, రాసింది నిజమా కాదా అన్న ఒక్క ముక్క తప్ప అన్నీ మాట్లాడుకున్నారు. అది తలుచుకుంటే బస్సులో ఇంటిదాకా అతనికి ఒళ్లు మండుతూనే ఉంది.

పత్రికలో వేసే క్షమాపణ దొరకు చాలలేదు. తన ఊళ్లో పేపరు చదివేదెవరు? వాడవాడలా చాటింపు కూడా వేయించాలన్నాడు. ఆ ఊళ్లో డప్పు కొట్టి చాటేది యాకయ్యే. తాతల నాటి నుంచి ఆ పని కింద ఎకరం చెలక దున్నుకుంటున్నారు. చాటింపు కాదంటే చెలక పోతుంది. దాని మీదే ఇప్పుడు కట్టమ్మా, ఆమె చిన్న బిడ్డా బతుకుతున్నారు.

చేసేది లేక, చాటుతానని ఒప్పుకున్నాడు. ఆ సంగతి చెబితే కట్టమ్మ ఏడవలేదు, తిట్టలేదు. పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ ఒక్కటే అడిగింది.

"ఊరంత చెప్పు బావా. మన వాడల మాత్రం ఆ మాట అనకు. పిల్ల ఇంటది."

తెల్లారి గడ్డిమంట మీద డప్పు కాచుకొని బయల్దేరాడు. దొర గుమస్తా కొమురెల్లి కాగితం పట్టుకొని వెంటపడ్డాడు. యాకయ్యకు చదువు రాదు కాబట్టి గుమస్తా ముక్కముక్కగా అందిస్తాడు, ఇతను గొంతెత్తి చెప్పాలి. మొదలు యాకయ్య వాళ్ల మాదిగవాడలోనే చాటాలని దొర హుకుం. వినాల్సినవాళ్లు అక్కడే ఉన్నారట.

డప్పు మోగగానే జనం ఇళ్లలోంచి వచ్చారు. కట్టమ్మ పిల్లను దగ్గరకు పొదువుకొని గడపలో నిలబడింది.

"ఉప్పలయ్య తాగి బాయిల పడ్డడు. పేపరోళ్లు రాసింది అబద్ధం," అందించాడు కొమురెల్లి. "చెప్పురా."

యాకయ్య నోరు తెరిచాడు. ఇన్నేళ్లలో ఆ నోటితో ఎన్నో చాటాడు. వెట్టికి రమ్మని తనవాళ్లనే పిలిచాడు. మాట దొరది, గొంతే తనదని ప్రతిసారీ మనసుకు సర్దిచెప్పుకున్నాడు. ఈసారీ అలాగే అనుకోబోతుండగా, కట్టమ్మ రెండు చేతులతో బిడ్డ చెవులు మూసింది. ఆమె తన వైపు చూడను కూడా లేదు. యాకయ్యకు సిగ్గు, ఆ వెనకే పట్టలేని కోపం ముంచుకొచ్చాయి.

"నా తమ్ముడు తాగలే," అన్నాడు చాటింపు గొంతుతోనే. "దొర దింపితే బాయిల దిగిండు. తూటా పేలి సచ్చిండు. గిది దొర మాట గాదు, యాకయ్య మాట."

కొమురెల్లి కాగితం ఊపుతూ ఎగిరిపడ్డాడు. బెదిరింపులు లంకించుకున్నాడు. చెలక పోతుందన్నాడు, ఈ పొద్దే దొర కేసు పెడతాడన్నాడు, కోర్టు బోనెక్కి చేతులు కట్టుకొని నిలబడాల్సి వస్తుందన్నాడు.

"పెట్టమను," అన్నాడు యాకయ్య. "గప్పుడన్న నన్ను లోపలికి పిలుస్తరు."

కొమురెల్లి దొర గడీ దారి పట్టాడు. జనం అక్కడే నిలబడ్డారు. గడపలో కట్టమ్మ మెల్లగా బిడ్డ చెవుల మీది చేతులు తీసింది. పిల్ల ఏమీ వినలేదని యాకయ్యకు అప్పుడు తట్టింది. డప్పు మీద మళ్లీ దరువేసి, మొదటి నుంచీ అందుకున్నాడు.