మరీ నున్నటి కథ

తొండియార్‌పేట మునిరాజుకు పాత అంతరిక్ష సీరియళ్లంటే ప్రాణం. అంటే చూసి మురిసిపోతాడని కాదు, వాటిలో తప్పులు పడతాడు. ఎప్పటిదో ఇంగ్లీషు సీరియల్లో కెప్టెన్ కొండ అంచున వేలాడుతుంటే చాలు, ఈయన టీవీ ముందు లేచి నిలబడేవాడు. “మనిషిని చిటికెలో ఓడలోకి లాక్కునే మిషను ఉండాది గదా! పోయిన వారం వాడినారే! ఇప్పుడేమొచ్చింది దానికి?” జవాబు చెప్పేవాడు ఒక్కడూ లేకపోవడం ఆయనకు మహా సంతోషం.

అంబత్తూరు ఫ్యాక్టరీలో పోత ఇనుప సామాన్లు తనిఖీ చేసి రిటైరైన మనిషాయన. పగులు దొరికితే సరుకు వెనక్కి పంపేవాడు. ఏ లోపమూ దొరక్కపోతే ఇంకా అనుమానించేవాడు. మరీ నున్నగా ఉందంటే ఎవరో పుట్టీ పూసి పైన రంగు కొట్టారన్నమాట. నిజంగానే గోటితో గీకితే చాలాసార్లు పుట్టీ రాలేది.

అలాంటి తండ్రి దగ్గరికి ఆ ఆదివారం జనని తను పెళ్లాడదలచిన అబ్బాయిని తీసుకొచ్చింది. రఘురామ్‌ది ఒంగోలు, చెన్నైలో ఐటీ ఉద్యోగం. నాన్న సరేననకుండా పెళ్లి చేసుకోనని జనని ముందే చెప్పేసింది కాబట్టి అంతా మునిరాజు చేతిలోనే ఉంది. ఆయన టీవీ గొంతు తగ్గించాడు గానీ ఆపలేదు.

“మీరిద్దరూ ఎట్లా కలిసినారు?”

“పోయినేడు వానల్లో అంకుల్. బస్టాపులో జనని తడుస్తూ నిలబడింది. నా లేత నీలం గొడుగు ఇచ్చేశాను. మర్నాడు అక్కడే తిరిగిచ్చింది.”

“గొడుగిచ్చేసి నువ్వెట్లా పోయినావు?”

“మా ఫ్రెండ్ కారులో వచ్చాడండి.”

“అయితే పిల్లను కూడా కారులోనే దించొచ్చు గదా?”

“ముక్కూ మొహం తెలియని వాళ్ల కారు ఎందుకెక్కుతుందండీ?”

మునిరాజుకు గుబులు పుట్టింది. అబ్బాయి నచ్చాడు, అదే అసలు చిక్కు. ప్రతి ప్రశ్నకూ జవాబు జేబులో వేసుకొచ్చినట్టున్నాడు. మెల్లగా వంటింట్లోకి వెళ్లి, కాఫీ కలుపుతున్న జననిని కూడా అదే అడిగాడు.

“వానల్లో, నైనా. బస్టాపులో తడస్తా నిలబడినా. ఆయన లేత నీలం గొడుగు...”

“చాల్లే.”

ఒకే సంగతి చూసిన ఇద్దరు ఒకే మాటల్లో చెప్పరు. ఒకరు రంగు మరిచిపోతారు, ఒకరు రోజు మరిచిపోతారు. మునిరాజు హాల్లోకి వచ్చి గెలిచినవాడిలా కూర్చున్నాడు. “పుట్టీ పూసినారు. ఇది జరిగింది కాదు, రాసుకొచ్చింది.”

రఘురామ్ తల దించుకున్నాడు. జనని మాత్రం కాఫీ గ్లాసులు బల్ల మీద పెట్టి తండ్రిని సూటిగా చూసింది.

“అవును నైనా, ప్రాక్టీసు చేసే వచ్చినాం. జరిగింది జరిగినట్టు చెప్తే నీ ముందర నిలవదు. ఎందుకు, ఎట్లా అని నువ్వడిగే వాటికి మా కాడ జవాబుల్లేవు. ఇష్టపడినాం, అంతే.”

“చూసినావా పుష్పా, నీ కూతురు ఎంత మాటంటా ఉందో!” అని వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య వైపు తిరిగాడు.

పుష్పవల్లి ఆయన పక్షాన నిలబడలేదు. “దాన్నెందుకు అనేది? మా చెల్లెలింటికి పోయి లేటయితే నేనూ మెట్లెక్కేటప్పుడే ఏం చెప్పాలో కూర్చుకొనొస్తా. నిజం చెప్తే తెల్లారిందాకా అడగతానే ఉంటావు.”

మునిరాజు కాఫీ గ్లాసు అందుకుని, తాగకుండానే మళ్లీ బల్ల మీద పెట్టేశాడు. పెళ్లయిన నాటి నుంచీ ఈ ఇంట్లో తను విన్నవన్నీ తన కోసం నునుపు చేసిన మాటలేనా? టీవీలో ఏదో గ్రహం పేలిపోతోంది. అటు చూడబుద్ధి కాలేదు. అవమానంగానే ఉంది, కానీ అంతకంటే భయం వేసింది. కూతురు ఇక ఎన్నటికీ తనతో నిజం చెప్పదేమో.

“సరే తల్లీ. జరిగింది జరిగినట్టే చెప్పు, వింటా.”

“అడ్డం తగలవు గదా? నమ్ముతావా?”

“నమ్ముతా.”

ఆ మాట మరీ నున్నగా, ఎక్కడా తడబడకుండా, అడగడమే ఆలస్యమన్నట్టు వచ్చేసింది. ముగ్గురూ ఆయన ముఖంలోకి అనుమానంగా చూశారు.

“ఇంకోరోజు చెప్తాలే నైనా,” అని జనని రఘురామ్‌ను సాగనంపడానికి లేచింది.