బింగ్‌బింగ్ చాచిన చెయ్యి

నా మనవరాలు క్లారిబెల్‌ను అందరూ బింగ్‌బింగ్ అంటారు. ఆమెకు రెండేళ్ళు నిండి కొంతకాలమైంది. ఆమెను పెంచడం నా వల్ల కాదని మా జారో ఊళ్ళో అనని వారు లేరు. చర్చి ముందు కొవ్వొత్తులు అమ్మే స్త్రీలు సైతం నన్ను చూసి జాలిగా పెదవి విరుస్తారు. ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. ఇతరుల జాలి నాకు అలవాటు లేదు, అవసరమూ లేదు.

అల్లుడు ఎల్మర్ సరుకు ఓడలో ఉద్యోగి. ఏడాదిలో అధికభాగం సముద్రం మీదే గడుపుతాడు. కుమార్తె రోవెనా ఆసుపత్రిలో నర్సు. నా భార్య గతించింది. కనుక పగలంతా ఇంట్లో బింగ్‌బింగ్, నేను, ఒక పిల్లి.

ఉదయం చాక్లెట్ జావతో యుద్ధం మొదలవుతుంది. అందులో కొంత ఆమె నోట్లోకి, కొంత నా చొక్కా మీదికి, మిగిలినది పిల్లి వీపు మీదికి పోతుంది. జావతో నంజుకునే ఎండుచేపను ఆమె తినదు. పూజాపీఠం మీది బాలయేసు విగ్రహం చేతిలో పెట్టి వస్తుంది. స్నానానికి పిలిస్తే ఒంటినిండా సబ్బు నురగతో వీధి గేటు దాకా పరుగెత్తుతుంది. మధ్యాహ్నం నిద్రపుచ్చడానికి పాట పాడతాను. నిద్ర వస్తుంది, నాకు. మేల్కొనేసరికి నా కట్టుడు పళ్ళు బియ్యం డబ్బాలో ఉంటాయి. ఇదంతా నిజమే. అయినా ఈ పని నా చేతి నుంచి లాక్కునే హక్కు ఎవరికీ లేదు.

ఎల్మర్ తల్లి కొన్సొలాసియోన్ ఆ హక్కు తనకుందని భావించింది. ఒక ఆదివారం బాకొలోడ్ నుంచి పడవలో సముద్రం దాటి వచ్చి, మా ముందుగదిలోని పేము కుర్చీలో కూర్చొని తీర్పు చెప్పింది.

"అద్దంలో చూసుకుని ఎన్నాళ్ళయింది బలాయీ? చొక్కా మీద జావ, జేబులో నమిలేసిన బిస్కెట్టు. పిల్లని మీరు పెంచుతున్నారా, పిల్ల మిమ్మల్ని పెంచుతోందా?"

వియ్యంకులం ఒకరినొకరం పిలుచుకునేది అలాగే. నేను నిటారుగా కూర్చున్నాను.

"ఎవరు ఎవర్ని పెంచినా ఇద్దరం దిట్టంగానే ఉన్నాం, బలాయీ."

"దిట్టమా! ఫ్యాను వేస్తే ఎగిరిపోయేలా ఉన్నారు. నేనొచ్చి ఇంతసేపయింది, పిల్ల నా చెయ్యి తీసుకుని నుదుటికి తాకించుకుందా? దీవెన అడిగిందా?"

"వద్దు!" అని బల్ల కింద నుంచి సమాధానం వచ్చింది.

"విన్నారుగా. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తా. అది నా చెయ్యి పట్టుకుని దీవెన అడిగితే నోరు మూసుకుని వెళ్ళిపోతా. అడక్కపోతే నాతో బాకొలోడ్ వస్తుంది. బళ్ళో వేసేదాకా నా దగ్గరే."

"సరే. అడుగుతుంది," అన్నాను.

రోవెనా గుమ్మంలో నిలబడి అంతా వింది. కీళ్ళనొప్పికి నేను వేసుకున్న మోకాలి కట్టు వైపు ఒకసారి చూసి గిన్నెలు తీసుకొని లోపలికి వెళ్ళిపోయింది. ఆ చూపు నన్ను వియ్యపురాలి మాటల కన్నా ఎక్కువగా బాధించింది.

మరునాడే శిక్షణ ప్రారంభించాను. చెయ్యి చాచి, "నుదుటికి తాకించుకో," అన్నాను. బింగ్‌బింగ్ కొరికింది. బిస్కెట్టు ఆశ చూపాను. బిస్కెట్టు తీసుకొని మళ్ళీ కొరికింది. చివరికి ఉపదేశం మాని ఉదాహరణను ఆశ్రయించాను. ఉదయం పూట నేను వరండాలో కూర్చుంటే, ఆ దారిన పోయే పూర్వ విద్యార్థులు ఆగి నా దీవెన తీసుకోకుండా కదలరు: కిరాయి ట్రైసికిల్ నడిపేవారు, చేపలమ్మేవారు, ఒక దంతవైద్యుడు. బింగ్‌బింగ్‌ను ఆమె ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో నా పక్కన కూర్చోబెట్టాను. ఆమె కదలక మెదలక చూసింది. ఆ శ్రద్ధకు నేనెంతో సంతోషించాను.

ఆదివారం వచ్చింది. దివ్యపూజ ముగియగానే కొన్సొలాసియోన్ ఒక పెద్ద ఖాళీ సంచితో వచ్చింది. "ముందు జాగ్రత్తకి సర్దిపెట్టమ్మా," అని కోడలి చేతికిచ్చింది. రోవెనా తల వంచుకొని చిన్న గౌన్లు ఒక్కొక్కటే అందులో పెట్టసాగింది. వియ్యపురాలు పేము కుర్చీలో కూర్చొని చెయ్యి చాచింది.

"రా బంగారం. లోలా చెయ్యి తీసుకో."

బింగ్‌బింగ్ జావ గిన్నె వదిలి వచ్చింది. లోలా, అంటే నాయనమ్మ, చాచిన చెయ్యిని పరిశీలించింది. తర్వాత వీపు నిటారు చేసి, గడ్డం ఎత్తి, తన కుడిచెయ్యిని మణికట్టు కాస్త వాల్చి ముందుకు చాచింది.

అది నా చెయ్యి. సగం మూసిన ఆ కనురెప్పలు, ఎదుటివారి తల మీదుగా ఎక్కడికో పోయే ఆ చూపు, అన్నీ నావే. వారమంతా ఆమె చూసినది దీవెన తీసుకునేవారిని కాదు, ఇచ్చేవాడిని.

"ఇదేంటి? నేనడగాలా దీన్ని?" అంది వియ్యపురాలు.

రెండు చేతులూ గాలిలో ఎదురెదురుగా నిలిచాయి. ఎవరూ వెనక్కి తీయలేదు. "ఊఁ," అంది బింగ్‌బింగ్. మందకొడి విద్యార్థుల ముందు నేను చేసే శబ్దం అది.

"చూశావా రోవెనా! రెండేళ్ళకే బిషప్పులా చెయ్యి చాస్తోంది. మూతి కట్టు ఆ సంచికి!"

బింగ్‌బింగ్ కింది పెదవి ముందుకు వచ్చింది. కళ్ళు నిండాయి. చెయ్యి మాత్రం దించలేదు.

చర్చిలో తప్ప నేను ఎక్కడా మోకరిల్లను. ఆ రోజు మోకరిల్లాను. నా మోకాలు చేసిన చప్పుడుకు పిల్లి లేచి పారిపోయింది. ఆ చిన్న చెయ్యి అందుకొని నుదుటికి ఆనించుకున్నాను. అది జావతో జిగటగా ఉంది.

"దీవించండి, అమ్మగారూ."

ఆమె నా బట్టతల మీద రెండు దెబ్బలు వేసి, "మంచిది, మంచిది," అంది.

"మతిపోయిందా బలాయీ!"

"లేదు. దీవెన ఇవ్వడం ఈ ఇంట్లో నేర్చుకుంది. తీసుకోవడమూ ఇక్కడే నేర్చుకుంటుంది. ఎన్నాళ్ళు పట్టినా సరే."

"మరి పందెం?"

రోవెనా సంచిలోంచి గౌన్లు బయటికి తీయసాగింది. నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పలేను. అత్తగారిని ఆమె పిలిచేది నానయ్, అంటే అమ్మ, అని.

"పందెం మీరూ నాన్నా కట్టుకున్నారు, నానయ్. నన్నెవరడిగారు? నాన్న అలిసిపోయి, పరువు కోసం పైకి చెప్పట్లేదనుకున్నా. పరువు చూసుకునే మనిషైతే దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుంటాడా? పిల్ల ఎక్కడికీ రాదు. ఎల్మర్‌కి నేను చెప్పుకుంటా."

ఘట్టం అక్కడ గంభీరంగా ముగియవలసింది. కాని నేను లేవలేకపోయాను. కుమార్తె ఒక రెక్క, వియ్యపురాలు రెండో రెక్క పట్టుకొని లాగవలసి వచ్చింది.

"నే చెప్పలా, ఫ్యాను గాలికే ఎగిరిపోతారని!" అంది ఆమె రొప్పుతూ.

"ఎగరలేదు కదా. ఇద్దరు పట్టి లాగినా కదలడం లేదు," అన్నాను.

గేటు దగ్గర ట్రైసికిల్ సిద్ధంగా ఉంది. దాన్ని నడిపే నెస్టర్ నా శిష్యుడు. దిగి నా దీవెన తీసుకున్నాడు. పక్కనే చాచి ఉన్న మరో చెయ్యి చూసి, మారుమాట లేకుండా వంగి దాన్నీ నుదుటికి ఆనించుకున్నాడు.

"ఊరంతా కలిసి చెడగొడుతున్నారు దీన్ని!" అంది కొన్సొలాసియోన్, ఖాళీ సంచి ఒళ్ళో పెట్టుకొని.

"అవును బలాయీ. వచ్చే నెల వచ్చి చూడండి, ఇంకా బాగా చెడగొడతాం."

ట్రైసికిల్ మలుపు తిరిగింది. వెనుదిరిగి చూస్తే పక్కన బింగ్‌బింగ్ లేదు. ఇంట్లోంచి పిల్లి అరుపు, వెంటనే నీళ్ళ బకెట్టు బోర్లాపడిన చప్పుడు వినిపించాయి. నేను చొక్కా సవరించుకొని లోపలికి నడిచాను.